గొలెగా గుర్రాల తిరునాళ్ల

పోర్చుగల్ రాజధాని లిస్బన్‌కు ఈశాన్యంగా సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, టేజో నది మైదానంలో గొలెగా అనే చిన్న ఊరు ఉంది. చుట్టుపక్కల పల్లెలను కలుపుకున్నా జనాభా ఆరు వేలు దాటదు. ఏడాది పొడుగునా మొక్కజొన్న చేల మధ్య నిమ్మళంగా ఉండే ఈ ఊళ్లో నవంబరు మొదటి పక్షం వచ్చేసరికి కాలు పెట్టే చోటుండదు. శరత్తు చివర, సెయింట్ మార్టిన్ పండుగ చుట్టూ జరిగే గుర్రాల తిరునాళ్లకు పెంపకందారులు, రౌతులు, కొనుగోలుదారులు, ఊరికే చూసిపోదామని వచ్చేవాళ్లు దేశం నలుమూలల నుంచీ, సరిహద్దు దాటి కూడా వచ్చి దిగుతారు. ఊరు తన పేరు పక్కన ‘గుర్రాల రాజధాని’ అని రాసుకుంటుంది. తిరునాళ్ల రోజుల్లోనైనా ఆ బిరుదును ఎవరూ కాదనలేరు.

గుర్రం ఇక్కడే ఎందుకు నిలదొక్కుకుందో తెలియాలంటే ముందు నేలను చూడాలి. టేజో నది, దాని ఉపనది అల్మోందా ఈ పరిసరాల్లోనే కలుస్తాయి. చలికాలపు వరదలకు పల్లపు భూములు మునుగుతాయి. నీరు తీశాక మిగిలే ఒండ్రులో పంటకూ, పచ్చికకూ లోటుండదు. పక్కనే ఉన్న బోకిలోబు చిత్తడి నేలలను 1981లో యునెస్కో జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. కంచెలు లేని ఇలాంటి మైదానాల్లో పశువుల మందలనూ, పొగరుబోతు ఆబోతులనూ కాలినడకన కాయడం కుదరని పని. ఆ పని గుర్రం మీద చేసే కాపరిని కంపీనో అంటారు. చేతుల్లేని ఎర్ర కోటు, మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు, ఎర్ర అంచున్న పచ్చ టోపీ, చేతిలో పొడవాటి కర్ర అతని వేషం. ఒక చేత్తో కర్ర పట్టుకుని రెండో చేత్తోనే కళ్లెం నడపాలి. ఎదురుగా కొమ్ములు విసిరే ఆబోతు ఉంటుంది. గుర్రం ఒక్క క్షణం తడబడినా ప్రాణం మీదికొస్తుంది. పోర్చుగీసు స్వారీ విద్యలో ఈనాడు సున్నితమైన కళగా కనబడే చాలా మెలకువలకు మూలం ఈ పశువుల కాపలాలోనూ, అంతకుముందు యుద్ధభూమిలోనూ ఉంది.

తిరునాళ్లకు తేదీ నిర్ణయించిన సెయింట్ మార్టిన్ రోము సైన్యంలో రౌతు. చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పై వస్త్రాన్ని కత్తితో రెండు ముక్కలు చేసి సగం ఇచ్చాడని క్రైస్తవ గాథ. నవంబరు 11 ఆయన పండుగ రోజు. ఆ రోజుల్లో చలి కాస్త తగ్గి ఎండ కాయడం అక్కడ మామూలే. దాన్ని సెయింట్ మార్టిన్ వేసవి అని పిలుచుకుంటారు. కోతలు అయిపోయి, పశువులు అమ్మడానికి రైతుకు తీరిక దొరికేదీ, కొత్త ద్రాక్షసారా పీపాలు తెరిచేదీ అప్పుడే. మన దగ్గర సుగ్గి ముగిశాక తిరునాళ్లు వచ్చినట్టే అక్కడా పండుగ, సంత కలిసే పుట్టాయి. లిస్బన్ నుంచి ఉత్తరానికి పోయే పాత రాజమార్గం మీద ఉండడం గొలెగాకు మరింత కలిసొచ్చింది. 18వ శతాబ్దంలో ఈ సంతకు గుర్రాల పోటీలు తోడై, పెద్ద పెంపకందారులు తమ మేలైన గుర్రాలను ఇక్కడికి తేవడం ఆనవాయితీ అయింది. 1972లో దీనికి జాతీయ అశ్వోత్సవం అని పేరు పెట్టారు. 1999 నుంచి లూసిటానో జాతి గుర్రాల అంతర్జాతీయ ఉత్సవం కూడా దీంతో కలిసే జరుగుతోంది.

ఉత్సవమంతా ఊరి నడిబొడ్డున ఉన్న ఆర్నెయిరో మైదానం చుట్టూ తిరుగుతుంది. మధ్యలో ఇసుక పరిచిన పోటీ స్థలం, దాని చుట్టూ గుర్రాలు తిరగడానికి వెడల్పాటి బాట, బాట వెంబడి పెంపకందారుల చెక్క గదులు ఉంటాయి. పోటీలు జరిగేది లోపల. అసలు తమాషా మాత్రం ఈ బయటి బాట మీదే. పొద్దున్నుంచి అర్ధరాత్రి దాటేదాకా రౌతులు వరసలుగా తిరుగుతూనే ఉంటారు. బండ్లు కట్టిన గుర్రాలు, అమ్మకానికి వచ్చిన కుర్ర గుర్రాలు, తాతతో పాటు స్వారీకి వచ్చిన ఏడెనిమిదేళ్ల పిల్లలు, పొడవాటి పావడాతో రెండు కాళ్లూ ఒకే పక్కకు వేసుకుని కూర్చునే ఆడవాళ్లు, అందరూ అదే బాట మీద. వీధి మూలల్లో బొగ్గుల మీద కాలే చెస్ట్‌నట్ కాయల పొగ ఊరంతా కమ్ముకుంటుంది. ద్రాక్ష పిప్పిలో నీళ్లు పోసి చేసే పలుచని సారాయి, జెరొపీగా అనే తియ్యటి ద్రాక్షసారా గ్లాసులు చేతులు మారుతుంటాయి. జీను దిగకుండానే కొట్టు బల్ల దగ్గర గ్లాసు అందుకునే రౌతులూ కనిపిస్తారు.

బయటివాళ్లకు ఇది ఊరేగింపులా కనిపిస్తుంది. వచ్చిన పెంపకందారులకు ఇది పరీక్ష. జనం మధ్య, పొగ మధ్య, డప్పుల హోరులో, పక్కన మరో మగగుర్రం సకిలిస్తుంటే తన గుర్రం ఎలా ఉంటుందో ఈ బాట మీద అందరి కళ్ల ముందూ తేలిపోతుంది. శాలలో ఎంత చక్కగా ఆడినా ఇక్కడ చెవులు వెనక్కి వాల్చి, చెమటలు కక్కుతూ పక్కకు దూకే గుర్రానికి మంచి ధర పలకదు. గొలెగా పేరు ఇన్నాళ్లు నిలవడానికి ముఖ్యమైన కారణం ఇదే. గుర్రాన్ని అలంకరించి నిలబెట్టి చూపే ప్రదర్శనలు లోకంలో బోలెడు. ఎక్కి, జనంలోకి నడిపి, దాని మనసు బయటపెట్టే సంతలు తక్కువ.

ఇక్కడికి వచ్చే గుర్రాల్లో లూసిటానో జాతిదే పైచేయి. ఐబీరియా ద్వీపకల్పపు పాత స్వారీ గుర్రాల సంతతి ఇది. చాలాకాలం స్పెయిన్ గుర్రాలనూ, పోర్చుగల్ గుర్రాలనూ లోకం ఒకే పేరుతో పిలిచేది. 1967లో పోర్చుగల్ తన గుర్రాలకు వేరే వంశావళి గ్రంథం తెరిచాక లూసిటానో అనే పేరు స్థిరపడింది. మూపు దగ్గర ఎత్తు మగగుర్రానికి సుమారు 160 సెంటీమీటర్లు, ఆడగుర్రానికి 155. రేసు గుర్రాల పక్కన నిలబెడితే పొట్టిగానే అనిపిస్తుంది. ముఖం నుదుటి నుంచి ముక్కు దాకా కొద్దిగా ఉబ్బెత్తుగా వంపు తిరిగి ఉంటుంది. మెడ మొదట్లో వెడల్పు, పైకి పోయేకొద్దీ విల్లులా వంగుతుంది. నడుము పొట్టి, పిరుదులు గుండ్రంగా కిందికి వాలి ఉంటాయి. రంగుల్లో తెల్ల బూడిదవన్నె, ఎర్ర గోధుమవన్నె ఎక్కువ. ఈ శరీర నిర్మాణం అందానికి మాత్రమే కాదు. పొట్టి నడుము, వాలు పిరుదులు ఉన్న గుర్రం వెనక కాళ్లను పొట్ట కిందికి సులువుగా తెచ్చుకోగలదు. ఉన్నచోటనే గిర్రున తిరగడానికి, ఆబోతు ముందు నుంచి మెరుపులా తప్పుకోవడానికి కావలసింది అదే.

పాత పెంపకందారులు గుర్రానికి మార్కులు ఊరికే వేయరు. సంతతి కోసం వాడే మగగుర్రానికి శరీర పరీక్షతో పాటు స్వారీ పరీక్ష కూడా ఉంటుంది. తల, మెడ, భుజం, ఛాతీ, పిరుదుల కంటే వీపు, కాళ్లు, నడకలు, మొత్తం పొందికకు ఎక్కువ విలువ ఇచ్చి నూటికి లెక్కగడతారు. పేర్లు పెట్టడంలోనూ ఒక కట్టుబాటు ఉంది. ఏ ఏడాది పుట్టిన పిల్లలన్నిటికీ ఆ ఏడాదికి కేటాయించిన అక్షరంతోనే పేరు మొదలవ్వాలి. 2012లో లండన్ ఒలింపిక్స్‌లో ఫైనల్ దాకా వెళ్లిన రూబి అనే గుర్రం 1998లో పుట్టింది. ఆ ఏటి అక్షరం ఆర్. కాబట్టి సంతలో గుర్రం పేరు చెప్పగానే తెలిసినవాడు దాని వయసు లెక్కేసుకుంటాడు. తర్వాత పళ్లు చూసి సరిచూసుకుంటాడు. తొడ మీద కాల్చిన ముద్ర చూస్తే ఏ ఇంటి గుర్రమో తెలుస్తుంది. ఆడగుర్రాలకు జూలు, తోక మొదలు గొరిగించి తీసుకురావడం పాత అలవాటు. మెడ వంపు, పిరుదుల ఆకారం దాచకుండా కనబడాలని దాని ఉద్దేశం. మగగుర్రాల జూలు మాత్రం పొడవుగా పెంచి జడలు అల్లుతారు.

మన అశ్వశాస్త్రాల్లో గుర్రం వంటి మీది సుడులు, మచ్చలు, రంగులు చూసి మంచిచెడ్డలు నిర్ణయించే సంప్రదాయం బలంగా ఉండేది. తెలుగులో మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసం అలాంటి గ్రంథమే. గొలెగాలో సుడుల పట్టింపు కనిపించదు. అక్కడ కళ్లన్నీ కదలిక మీదే. గుర్రాన్ని ముందు నడిపించి, తర్వాత పరుగెత్తించి, మెత్తటి ఇసుక మీద, గట్టి రాతి బాట మీద తేడా చూస్తారు. గిట్ట నేలకు ఎలా ఆనుతోంది, మలుపులో వెనక కాలు ఏ పక్కకు జారుతోంది, ఆపమన్నప్పుడు నాలుగు కాళ్లూ ఒకేసారి నిలుస్తున్నాయా, ముందుకు తూలి ఆగుతోందా అని పరీక్షిస్తారు. బేరం ఆ తర్వాత.

ఇక విద్య సంగతి. పోర్చుగీసు స్వారీకి రాతలో ఉన్న చరిత్ర చాలా పాతది. 1433 నుంచి 1438 దాకా ఏలిన రాజు దువార్తె స్వయంగా గుర్రపు స్వారీ మీద పుస్తకం రాశాడు. ఐరోపాలో ఈ విషయం మీద వచ్చిన తొలి గ్రంథాల్లో అదొకటి. జీను మీద గట్టిగా కూర్చోవడం ఎలాగో చెబుతూనే, భయాన్ని ఎలా పోగొట్టుకోవాలో కూడా రాజుగారు విడిగా రాశారు. స్వారీ నేర్పేవాళ్లు ఈనాటికీ దాటేసే విషయం అది. ఆ రోజుల్లో రెండు పద్ధతులుండేవి. ఒకటి, బరువైన కవచంతో, రికాబులు పొడవుగా వదిలి, కాళ్లు చాపి తిన్నగా దూసుకుపోయే స్వారీ. రెండోది రికాబులు పొట్టిగా కట్టి, మోకాళ్లు వంచి, చురుగ్గా మలుపులు తిరిగే జినెటా స్వారీ. ఇస్లామీయ పాలకుల కాలంలో ద్వీపకల్పంలో వ్యాపించిన రెండో పద్ధతే పశువుల కాపరికీ, ఆబోతుతో తలపడేవాడికీ అక్కరకొచ్చింది. పోర్చుగీసు శైలిలో ఆ చురుకు ఈనాటికీ మిగిలింది.

18వ శతాబ్దంలో ఈ విద్య రాజాస్థానంలో మెరుగులు దిద్దుకుంది. రాజుగారి అశ్వశాలాధిపతి, నాలుగవ మరియాల్వా ప్రభువు దానికి పెద్ద దిక్కు. ఆయన శిక్షణ పద్ధతిని బొమ్మలతో సహా వివరించే బృహద్గ్రంథాన్ని మనుయెల్ కార్లోస్ ద ఆంద్రాద 1790లో అచ్చువేశాడు. అంతకు ముందే, 1748లో, ఐదవ జువావ్ రాజు ఆల్తెర్ పట్టణంలో రాజ అశ్వశాల నెలకొల్పాడు. 1775లో లిస్బన్ నడిబొడ్డున నిలబెట్టిన మొదటి జుజే రాజు కంచు విగ్రహంలో రాజు ఎక్కిన గుర్రం ఆల్తెర్ సంతతిదే. తర్వాత నెపోలియన్ దండయాత్రల్లో ఆ శాల కొల్లబోయింది. 19వ శతాబ్దంలో అరబ్బీ గుర్రాలతోనూ, ఇతర జాతులతోనూ విచ్చలవిడిగా సంకరం చేయడంతో పాత రక్తం దాదాపు అంతరించిపోయింది. 20వ శతాబ్దంలో రూయి ద ఆంద్రాద అనే పెంపకందారు రెండు మగగుర్రాలు, కొద్దిపాటి ఆడగుర్రాలతో ఆ వంశాన్ని కాపాడి ప్రభుత్వానికి అప్పగించాడు. ఈ జాతి ఈనాడు కళ్లముందు ఉండడానికి కారణం ప్రభుత్వ పథకాల కన్నా ఇలాంటి కొద్దిమంది మొండిపట్టే అని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఈ విద్యకు మూలసూత్రం గుర్రం తన బరువును తనే మోసుకోవడం. మామూలుగా గుర్రం బరువులో ఎక్కువ భాగం ముందు కాళ్ల మీద ఉంటుంది. పైన మనిషి కూర్చుంటే ఆ భారం ఇంకా పెరుగుతుంది. నీళ్ల బిందె ఎత్తుకోబోయే మనిషి మోకాళ్లు వంచి నడుము నిలుపుకున్నట్టు, గుర్రం వెనక కాళ్ల కీళ్లు వంచి పొట్ట కిందికి తెచ్చుకుంటే ముందు భాగం తేలికవుతుంది, మెడ దానంతటదే పైకి లేచి వంగుతుంది. కళ్లెం లాగి తల వంచడం దీనికి దొంగదారి. తల వంగుతుంది గానీ వీపు బిగుసుకుపోతుంది, వెనక కాళ్లు వెనకే ఉండిపోతాయి. తెలిసినవాళ్లు అలాంటి గుర్రాన్ని ఆర్నెయిరో బాట మీద ఇట్టే పట్టేస్తారు.

ఆ సమతూకం సాధించడానికి ఏళ్లు పడుతుంది. మూడేళ్లు దాటాక కుర్ర గుర్రానికి జీను వేస్తారు. అంతకు ముందూ, ఆ తర్వాతా కూడా నేల మీద నిలబడి పగ్గం పట్టుకుని చేసే సాధన చాలా ఉంటుంది. శిక్షకుడు పక్కన నడుస్తూ సన్నటి బెత్తంతో వెనక కాలిని తాకుతాడు. గుర్రం కాలెత్తగానే తాకడం ఆపేస్తాడు. ఆపడమే మెచ్చుకోలు. తర్వాతి మెట్టు పక్కవాటు నడకలు. గోడ వెంబడి నడుస్తూనే భుజాలు లోపలికి వంచి, మూడు వరసల మీద అడుగులు వేయించడం వాటిలో ముఖ్యమైనది. ఫ్రెంచి గురువు లా గెరినియేర్ 1733లో అచ్చయిన తన గ్రంథంలో దీన్ని వివరించాడు. పోర్చుగీసు శిక్షకులు దీన్ని రోజూ తినే అన్నంలా వాడతారు. లోపలి వెనక కాలు ఒక్కో అడుగుకూ పొట్ట కిందికి రావలసి రావడంతో నెమ్మదిగా బరువు మోయడం నేర్చుకుంటుంది.

అలా ఏర్పడిన బలం మీదనే పై విద్యలు నిలుస్తాయి. ఉన్నచోటనే పరుగు లయతో కాళ్లెత్తి దించే పియాఫ్, అదే లయతో ఒక్కో అడుగునూ గాల్లో కాసేపు నిలిపి ముందుకు సాగే పసాజ్, దౌడులో ప్రతి అడుగుకూ కాలు మార్చడం, దౌడు ఆపకుండానే వెనక కాళ్ల చుట్టూ పూర్తి చక్రం తిరగడం ఇందులోవి. ఇంకా పైది ముందు కాళ్లు ముడుచుకుని వెనక కాళ్ల మీద ఓరగా నిలవడం. అన్నిటికన్నా పైమెట్టు కాప్రియోల్. అందులో గుర్రం నాలుగు కాళ్లతో గాల్లోకి లేచి, అక్కడే వెనక కాళ్లు విదిలిస్తుంది. 1979లో ప్రారంభమైన పోర్చుగీసు అశ్వకళా పాఠశాల ఈ విద్యలన్నిటినీ 18వ శతాబ్దపు రాజోచిత వేషంలో ప్రదర్శిస్తుంది. వాళ్లు వాడేవి ఎర్ర గోధుమవన్నె ఆల్తెర్ గుర్రాలే.

దగ్గరగా చూడవలసింది మాత్రం రౌతు ఎడమ చేయి. సంప్రదాయ వేషంలో ఉన్న రౌతు పగ్గాలన్నీ ఎడమ పిడికిట్లోకి తీసుకుని, కుడి చేతిని తొడ మీద వదిలేస్తాడు. చేయి బొడ్డు ముందు నిలకడగా ఉంటుంది. ఆపాలన్నప్పుడు చేయి వెనక్కి రాదు. నడుము కొద్దిగా నిలబడి వీపు బిగుస్తుంది, చిటికెన వేలు, ఉంగరపు వేలు మూసుకుంటాయి. గుర్రం వెంటనే వెనక కాళ్ల మీద దిగి నెమ్మదిస్తుంది. ఆ క్షణమే వేళ్లు తెరుచుకుంటాయి. పగ్గం సన్నగా వేలాడుతుంది, అయినా గుర్రం తల దించదు, నడక చెడదు, అదే భంగిమలో రెండు మూడు అంగలు తనంతట తానే కొనసాగిస్తుంది. ఈ విడుపే విద్యలో సారం. 20వ శతాబ్దపు పోర్చుగీసు గురువుల్లో అగ్రగణ్యుడైన నూనో ఒలివేరా (1925–1989) జీవితమంతా బోధించింది దాన్నే. అడగడం తక్కువగా, విడవడం ఎక్కువగా ఉండాలని ఆయన పద్ధతి. సంగీతం పెట్టుకుని గుర్రాలకు శిక్షణ ఇచ్చేవాడు. దేశదేశాలు తిరిగి పాఠాలు చెప్పి, ఆస్ట్రేలియాలో అలాంటి పర్యటనలోనే కన్నుమూశాడు. పియాఫ్ చేయించడం కన్నా, చేయిస్తూ పగ్గం వదలగలగడం గొప్ప. గొలెగా జనంలో దీన్ని చేసి చూపగలిగేవాళ్లు ప్రతి ఏడూ కొద్దిమందే కనబడతారు. వాళ్లు బాట మీదికి రాగానే పక్కనున్న పెంపకందారులు మాటలు ఆపి చూస్తారు.

కాపరి పనిని క్రీడగా మార్చిన పోటీ గొలెగాలో సామాన్య ప్రేక్షకుడికి బాగా నచ్చేది. పని స్వారీ అనదగిన ఈ పోటీ 1990ల నుంచి ఐరోపా దేశాల మధ్య జరుగుతోంది. ఇందులో నాలుగు ఘట్టాలు. మొదటిదాంట్లో గుర్రం శిక్షణ ఎంత పద్ధతిగా ఉందో చూస్తారు. రెండోదాంట్లో అడ్డంకులను పొందికగా దాటాలి. మూడోదాంట్లో అవే అడ్డంకులను గడియారంతో పోటీపడి దాటాలి. చివరిదాంట్లో మందలోంచి చెప్పిన పశువును విడదీసి తేవాలి. అడ్డంకులన్నీ పొలం పనుల నుంచి తీసుకున్నవే. చెక్క వంతెన ఎక్కాలి, పీపాల మధ్య తిరగాలి, నిలువు కర్రల మధ్య వంకర్లు తిరిగి పోవాలి, ఇరుకు సందులో చివరి దాకా వెళ్లి గంట కొట్టి వెనక్కి నడవాలి, దౌడులోనే పొడవాటి కర్ర అందుకుని దాని మొనతో ఉంగరం తీయాలి. చూడ్డానికి అన్నిటిలోకీ తేలికగా కనిపించేది గేటు. రౌతు గేటు పక్కకు వచ్చి, గడియ తీసి, గేటు మీద చేయి తీయకుండా అవతలికి దాటి, మళ్లీ మూసి గడియ వేయాలి. దీనికి గుర్రం పక్కకు అడుగులు వేయాలి, వెనక్కి నడవాలి, ఉన్నచోట తిరగాలి, గడియ వేసేంతసేపు రాయిలా నిలబడాలి. పగ్గాలన్నీ ఒక్క చేతిలోనే. పోటీలో ఓడిపోయేవాళ్లు చాలామంది ఇక్కడే తేలిపోతారు.

ఈ విద్యకు తగినట్టే సామగ్రి కూడా. పోర్చుగీసు జీను ముందూ వెనకా ఎత్తుగా, లోతుగా ఉంటుంది. హఠాత్తుగా గుర్రం తిరిగినా రౌతు చెదరడు. రికాబు మామూలు ఇనుప వలయం కాదు. ముందు భాగం మూసి ఉన్న చెక్క పెట్టెలా చేసి లోహపు పట్టీలు బిగిస్తారు. వానలో, పొదల్లో, ఆబోతు కొమ్ముల దగ్గర పాదానికి అదే రక్ష. పొట్టి కోటు, ఎత్తు నడుము ప్యాంటు, తోలు పిక్కతొడుగులు, వెడల్పాటి అంచున్న గట్టి టోపీ మగవాళ్ల వేషం. ఈ వేషాలకు జీనగాళ్లు, తోలుపని వాళ్లు, దర్జీలు ఏడాదంతా పనిచేస్తారు. తిరునాళ్ల రోజుల్లో ఊరి వీధుల్లో వాళ్ల కొట్లే ఎక్కువ.

పోర్చుగీసువాళ్ల గుర్రాల కథకు తెలుగు నేలతోనూ ఒక లంకె ఉంది, అయితే అది లూసిటానోల ద్వారా కాదు. విజయనగరానికి సముద్రం మీద నుంచి వచ్చిన గుర్రాలు అరబ్బు, పారశీక దేశాలవి. వాటిని 16వ శతాబ్దంలో గోవా రేవు మీదుగా అమ్మి లాభపడింది పోర్చుగీసువాళ్లు. 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న న్యూనిజ్ అనే పోర్చుగీసువాడు స్వయంగా గుర్రాల వర్తకుడు. అక్కడి రాజుగారు ఏటా హోర్ముజ్ నుంచి పదమూడు వేల గుర్రాలు కొనేవారని అతను రాశాడు. అంతకు ముందు ఏలిన సాళువ నరసింహుడు గుర్రాల కోసం ఎంత ఆరాటపడేవాడో చెబుతూ, సముద్రం మీద చచ్చిన గుర్రం తోక తెచ్చి చూపినా బతికున్నదానితో సమానంగా డబ్బు కట్టేవాడని కూడా అతనే చెప్పాడు. న్యూనిజ్ కన్నా కొన్నేళ్ల ముందు వచ్చిన మరో పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి ఉత్సవాల్లో రాజుగారి గుర్రాలను అలంకరించి తేవడం, వాటికి పూజ జరగడం కళ్లకు కట్టినట్టు వర్ణించాడు. శరత్కాలంలో గుర్రాలకు పండుగ చేయడం అలా మనకూ కొత్త కాదు. మన దగ్గర ఆ పండుగలో గుర్రం మిగల్లేదు, అక్కడ మిగిలింది. కారణం కూడా కనబడుతూనే ఉంది. రాజుల సైన్యాలు పోయాక మన దగ్గర గుర్రానికి పొలంలో పని లేకపోయింది. టేజో మైదానంలో పశువుల కాపలా దాన్ని నిలబెట్టింది.

గొలెగాను పొగడ్తలతో వదిలేయడం సరికాదు. ఈ స్వారీ విద్య మీద ముద్ర వేసిన వాటిలో ఆబోతులతో పోరు ఒకటి. పోర్చుగల్‌లో ఆబోతు కొమ్ములకు తోలు తొడిగి, గుర్రం మీద నుంచి దాని మెడ మీద బాణాల్లాంటి ముళ్లు దించుతారు. స్పెయిన్‌లోలా బరిలో చంపరు. అయినా హింస హింసే. దాన్ని నిలిపేయాలనే గొంతులు దేశంలో ఏటేటా గట్టిపడుతున్నాయి. పని స్వారీ పోటీలు ఆ రక్తపాతం లేకుండానే అదే నైపుణ్యాన్ని పరీక్షిస్తున్నాయి కాబట్టి, విద్య బతకడానికి బరి అవసరమన్న వాదనకు బలం తగ్గిపోయింది. రెండో లోపం అర్ధరాత్రి దాకా సాగే స్వారీలు. తాగిన మనిషి కింద గంటల తరబడి గట్టి నేల మీద తిరిగే గుర్రానికి పండుగ ఏముంది? పగ్గం విడుపులో గొప్పతనం చూసే ఊళ్లోనే కళ్లెం బిగబట్టి గుర్రాన్ని గంతులేయించి గొప్పలు పోయే కుర్రకారు ప్రతి రాత్రీ కనబడతారు. పగటి గొలెగా, రాత్రి గొలెగా రెండు వేరు ఊళ్లనిపిస్తాయి. పేరు తెచ్చింది మొదటిదే.

2024 డిసెంబరులో పోర్చుగల్ అశ్వకళను యునెస్కో మానవాళి అగోచర సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ గుర్తింపు వల్ల లిస్బన్‌లోని అశ్వకళా పాఠశాలకు పేరు పెరగొచ్చు; విద్య మాత్రం గొలెగా వంటి ఊళ్లలో, సొంత గుర్రం ఉన్న రైతు ఇళ్లలో ఒక తరం నుంచి మరో తరానికి అందుతోంది.

నవంబరులో పోర్చుగల్ వెళ్లే తెలుగువాళ్లు గొలెగాను ప్రయాణంలో సులువుగా కలుపుకోవచ్చు. లిస్బన్ నుంచి రైలు ఉన్న ఎంట్రొంకమెంటో జంక్షన్ పక్క ఊరే. శని, ఆదివారాలు జనంలో ఏమీ కనబడదు. పనిదినాన, పొద్దున్నే వెళ్తే సాధన చేసే రౌతులను దగ్గర నుంచి చూడొచ్చు. 1870లలో ఇనుము, గాజుతో కట్టిన కార్లోస్ రెల్వాస్ ఫొటో స్టూడియో ఈ ఊళ్లోనే ఉంది. ఆయన ఫొటోగ్రాఫరే కాదు, పేరున్న రౌతు కూడా. నోబెల్ రచయిత జోసే సరమాగో పుట్టిన అజిన్యాగా పల్లె అక్కడికి కొద్ది కిలోమీటర్లే. తిరునాళ్ల రోజుల్లో ఊళ్లో గది దొరకడం కష్టం. బస లిస్బన్‌లో గానీ, దగ్గరి పట్టణాల్లో గానీ ముందే చూసుకోవాలి.